నికాన్ డీ90 వదిలి డీ7500 కొనాలా, లేక లెన్స్ మారిస్తే చాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):

అందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ డీ90 ఉంది, మా బాబాయి కొన్నాళ్ళు వాడి నాకిచ్చారు. దాంతోపాటు 18-105 కిట్ లెన్స్, ఒక పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ కూడా ఇచ్చారు. పగలు తీసే ఫొటోలు బాగానే వస్తున్నాయి, ఇబ్బందంతా పొద్దు గూకాకే. ఎంగిలిపూల బతుకమ్మ రోజు వేయిస్తంభాల గుడి దగ్గర తీసినవాటిలో సగం ఊగిపోయాయి, మిగతావాటిలో నీడ ఉన్న చోటల్లా నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు). 50 లెన్స్ పెడితే మనుషులు మరీ దగ్గరైపోయి ఫ్రేములో పట్టడం లేదు, ఆ జనంలో వెనక్కి జరిగే చోటే ఉండదు కదా.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ డీ7500 బాడీ (లెన్స్ లేకుండా కెమెరా మాత్రమే) ఒకటి చూశాను, 40 వేల పైనే చెబుతున్నారు. షాపాయన మాత్రం డీ5600 తీసుకో, తక్కువలో అయిపోతుంది అంటున్నాడు. ఇంకో డౌట్. ఫ్రెండ్ డీ7500తోనూ నా డీ90తోనూ ఒకే ఐఎస్ఓలో (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) ఒకే ఫొటో తీసి, కంప్యూటర్‌లో 100 శాతం జూమ్ చేసి చూశాం. నాయిస్ రెండిటిలో దాదాపు ఒకేలా ఉంది! దాదాపు తొమ్మిదేళ్ళ తేడా ఉన్న కెమెరాలు కదా, అంత డబ్బు పెట్టడం దండగేనా? దీపావళి లోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి, కాస్త చెప్పండి.

జవాబు (గుంటూరు నుంచి):

తమ్ముడూ, ముందు ఆ 100 శాతం జూమ్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ పోలికలో అందరూ తడబడేది అక్కడే. డీ90 ఫొటో సైజు 4288 × 2848 పిక్సెళ్ళు, అంటే 12.3 మెగాపిక్సెళ్ళు. డీ7500ది 5568 × 3712, అంటే 20.9. సెన్సర్ (వెలుగుని పట్టే చిప్) సైజు మాత్రం రెండిటికీ ఇంచుమించు ఒకటే. అదే చోటులో ఎక్కువ పిక్సెళ్ళు ఇరికించారు కాబట్టి ఒక్కో పిక్సెల్ చిన్నదైంది, దానికి అందే వెలుగూ తగ్గింది. నువ్వు 100 శాతం జూమ్ చేసినప్పుడు డీ7500 ఫొటోని మరింత దగ్గరికి వెళ్ళి చూస్తున్నట్టు లెక్క. అలా కాకుండా రెండు ఫైళ్ళనీ ఒకే సైజులో, పొడుగు వైపు 3000 పిక్సెళ్ళు వచ్చేలా ఎక్స్‌పోర్ట్ చేసి పక్కపక్కన పెట్టి చూడు, తేడా కనబడుతుంది. లెన్స్ ఒకటే ఉండాలి, ట్రైపాడ్ మీద పెట్టాలి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు), షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ మూడూ ఒకటే ఉండాలి, రెండూ రాలోనే (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైలు) తీయాలి. జేపెగ్‌లో తీస్తే కొత్త కెమెరా లోపలే నాయిస్ తుడిచి ఇస్తుంది, అప్పుడు సెన్సర్ గొప్పా సాఫ్ట్‌వేర్ గొప్పా అన్నది తెలియదు. రా ఫైళ్ళకి నికాన్ వాళ్ళ ఎన్‌ఎక్స్ స్టూడియో ఉచితమే, డీ90 ఫైళ్ళు కూడా అందులో తెరుచుకుంటాయి.

సరిగ్గా పోల్చినా తేడా నువ్వనుకున్నంత రాదు, అది ముందే తెలుసుకో. ఫొటోలని ఒకే సైజుకి తెచ్చి కెమెరాలని కొలిచే డీఎక్స్‌ఓమార్క్ అనే పరీక్షా సైట్ లెక్కలో తక్కువ వెలుగు స్కోరు డీ90కి 977, డీ7500కి 1483. అంటే ముప్పావు స్టాప్ కన్నా తక్కువే (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). డైనమిక్ రేంజ్‌లో (బాగా వెలుగున్న చోటునీ నీడనీ ఒకే ఫొటోలో పట్టే శక్తి) మాత్రం 12.5 నుంచి 14కి వెళ్ళింది, అది నిజంగా పనికొచ్చే తేడా. దీపాల వెలుగు కాలిపోకుండా కాస్త డార్క్‌గా తీసి, తర్వాత నీడలో ఉన్న ముఖాలని పైకి లేపితే డీ7500 ఫైలు తట్టుకుంటుంది, డీ90 ఫైలులో అక్కడ రంగు మచ్చలు తేలతాయి.

ఇప్పుడు లెన్స్ లెక్క చూడు. నీ 18-105 లెన్స్ 35 ఎంఎం దగ్గర పూర్తిగా తెరిచినా ఎఫ్/4 దాటి ఉంటుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). అదే చోట 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ పెడితే రెండు స్టాప్‌లకు పైగా, అంటే నాలుగు రెట్లకు పైగా వెలుగు లోపలికొస్తుంది. బాడీ మారిస్తే ముప్పావు కూడా రానిది, లెన్స్ మారిస్తే రెండు దాటి వస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ లెన్స్ ధర బాడీ ధరలో చిన్న వంతే ఉంటుంది. ముందు అది కొనమనే నేనంటాను. రేపు బాడీ మార్చినా ఆ లెన్స్ నీతోనే ఉంటుంది.

అలాగని డీ7500 అక్కర్లేదని చెప్పడం లేదు. దాని అసలు బలం ఫోకస్. డీ90లో 11 పాయింట్లు, అందులో మధ్యదొక్కటే క్రాస్ టైప్ (అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండిటినీ పట్టేది). నికాన్ స్పెసిఫికేషన్ ప్రకారం −1 ఈవీ వెలుగు వరకే అది ఫోకస్ పట్టగలదు (ఈవీ అంటే వెలుగు కొలత, ఒక్కో అంకె తగ్గితే వెలుగు సగమవుతుంది). డీ7500లో 51 పాయింట్లు, 15 క్రాస్ టైప్, −3 ఈవీ దాకా పని చేస్తుంది, అంటే నాలుగో వంతు వెలుగున్నా సరే. చీకట్లో లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ పట్టుకోకుండా సతాయించే బాధ బాగా తగ్గుతుంది. నీ ఫొటోల్లో సగం ఊగిపోయాయన్నావు కదా, అవి షట్టర్ స్పీడ్ చాలక ఊగినవా, ఫోకస్ తప్పినవా అన్నది ఒక్కొక్కటీ తెరిచి చూడు. చేతులో చీరచెంగో సాగినట్టు గీతలుగా ఉంటే స్పీడ్ చాల్లేదు, అది లెన్స్‌తో తీరుతుంది. వెనక గోడ స్పష్టంగా ఉండి మనిషి మసగ్గా ఉంటే ఫోకస్ తప్పింది, దానికి బాడీ మార్చాల్సిందే. ఈ ఒక్క పరీక్షతో నీ సగం ప్రశ్న తేలిపోతుంది.

జవాబు (కాకినాడ నుంచి):

గుంటూరు అన్నయ్య చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. డీ5600 మాత్రం వద్దండీ. కెమెరాగా మంచిదే, కానీ దాని బాడీలో ఫోకస్ మోటార్ లేదు. మీ 50 ఎంఎం 1.8డీకి సొంత మోటార్ ఉండదు, బాడీలోని మోటారే స్క్రూ తిప్పి దాన్ని నడపాలి. డీ90లో ఆ మోటార్ ఉంది, డీ7500లో ఉంది, డీ5600 మీద అదే లెన్స్ పెడితే చేత్తో తిప్పుకోవాల్సిందే. షాపులో ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఇంటికొచ్చాక టెన్షన్ మనకి.

లెన్స్ కొనేటప్పుడు పేరులో అక్షరాలు కూడా చూడండి. ఏఎఫ్-పీ అని ఉన్న కొత్త లెన్స్‌లు డీ90 మీద ఫోకస్ అవ్వవు. చివర ఈ అని ఉన్నవి, అంటే అపర్చర్‌ని కరెంటుతో నడిపేవి, డీ90 మీద పెడితే అపర్చర్ మూసుకోదు. డీ7500లో రెండూ పనిచేస్తాయి. 35 ఎంఎం 1.8జీకి ఈ గొడవ లేదు, రెండిటికీ సరిపోతుంది.

బాడీయే మార్చాలనుకుంటే డీ7200 కూడా ఒకసారి చూడండి. 2015లో వచ్చింది, 24 మెగాపిక్సెళ్ళు, అందులోనూ 51 పాయింట్లే, −3 ఈవీనే. పైగా రెండు కార్డు స్లాట్లు. డీ7500లో ఒక్కటే పెట్టారు, పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు అందుకే దాన్ని తిట్టుకుంటారు. ఏఐ అనే పాత రకం మాన్యువల్ (చేత్తో ఫోకస్ తిప్పే) లెన్స్‌లకి మీటరింగ్ (వెలుగు కొలవడం) కూడా డీ7200లో ఉంది, డీ7500లో తీసేశారు. సెకనుకి 8 ఫ్రేములు, 4కే వీడియో, వంగే టచ్ స్క్రీన్ కావాలంటేనే డీ7500.

అడిగినవారు:

ఇద్దరికీ చాలా థాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టు ఫొటోలు తెరిచి చూశాను. చాలావాటిలో చేతులు, చీరచెంగులే సాగి ఉన్నాయి, షట్టర్ స్పీడ్ చూస్తే 1/30, 1/20. వెనకాల గోడ మీద ఫోకస్ పడ్డవి కొన్నే. అంటే లెన్స్ కొంటే చాలేమో. కానీ రెండు విషయాలు అడుగుతాను. శీతాకాలంలో మా అక్క పెళ్ళి ఉంది, ఆల్బమ్‌కి నేను కూడా కొన్ని ఫొటోలు ఇవ్వాలి, 12 మెగాపిక్సెళ్ళు చాలుతాయా? ఇంకోటి, పక్షుల ఫొటోలు మొదలుపెడదామని ఉంది.

జవాబు (గుంటూరు నుంచి):

ఆల్బమ్‌కి దిగులు వద్దు. మన దగ్గర ఆల్బమ్ పేజీ ఎక్కువగా 12 × 18 అంగుళాలుంటుంది. డీ90 ఫొటోని క్రాప్ చేయకుండా పేజీ నిండా వేసినా అంగుళానికి 238 పిక్సెళ్ళు వస్తాయి, చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది నిక్షేపంగా సరిపోతుంది. పేజీకి నాలుగైదు ఫొటోలు వేస్తారు కాబట్టి చాలావాటికి అంత కూడా అక్కర్లేదు. రెండు పేజీలు కలిపి 12 × 36 నిండా ఒకే ఫొటో పరిచేది ఉంటే అది పెళ్ళి ఫొటోగ్రాఫర్‌కే వదిలెయ్.

పక్షుల దగ్గర మాత్రం డీ90 నిజంగా వెనకబడిపోతుంది, అక్కడ నేను లెన్స్ చాలని చెప్పను. మా ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు తుమ్మచెట్ల మీద కూర్చుని ఉన్నప్పుడు ఏ కెమెరా అయినా చాలు. అవి లేచి ఎగిరేటప్పుడు సెకనుకి 4.5 ఫ్రేములకీ 8 ఫ్రేములకీ మధ్య రెక్క సరైన చోట ఉన్న ఫ్రేము దొరకడం దొరక్కపోవడం ఉంది. పక్షి మధ్య పాయింట్ దాటి పక్కకి వెళ్ళిందంటే డీ90 వదిలేస్తుంది. ఎప్పుడూ క్రాప్ చేయాల్సిందే కాబట్టి అక్కడ 20 మెగాపిక్సెళ్ళు కూడా పనికొస్తాయి. రాలో తీస్తూ బటన్ నొక్కి పట్టుకున్నా డీ7500 50 ఫ్రేముల దాకా ఆగకుండా వెళ్తుంది. పక్షుల మీద నీకు నిజంగా మనసుంటే డబ్బు దాచుకుని డీ7500 దానికోసం కొనుక్కో, బతుకమ్మ కోసం కాదు.

వీడియో సంగతి నువ్వడగలేదు కానీ చెప్తాను. వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ డీ90యే, 2008లో. అయితే 720పీలో ఒక్కో క్లిప్ 5 నిమిషాలే, మైక్ పెట్టుకునే సాకెట్ లేదు, తీస్తున్నప్పుడు ఫోకస్ దానంతటది మారదు. పెళ్ళిలో వీడియో ఫోన్‌తో తీసుకో.

జవాబు (హైదరాబాద్ నుంచి):

బ్రదర్, ఈ రోజుల్లో డీఎస్ఎల్ఆర్ ఎందుకు, సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) నికాన్ జెడ్50 చూడకూడదా? పాత లెన్స్‌ని దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేసుకుంటే పాత లెన్స్‌లన్నీ నడుస్తాయి.

జవాబు (కాకినాడ నుంచి):

అన్నీ నడవవండీ. ఎఫ్‌టీజెడ్‌లో కూడా స్క్రూ మోటార్ లేదు, వీరి 50 ఎంఎం డీ లెన్స్ మళ్ళీ చేత్తోనే. 35 ఎంఎం జీ అయితే ఆటో ఫోకస్ అవుతుంది. అడాప్టర్ ఖర్చు కూడా కలిపి చూసుకోవాలి.

అడిగినవారికి ఇంకోమాట. ఏ లెన్స్ కొన్నా ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపలికి చూడండి. మా సముద్రం వైపు తేమకి ఫంగస్ బాగా పడుతుంది, సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. బాడీ అయితే అక్కడికక్కడే ఒక ఫొటో తీసి ఆ ఫైలులో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్నిసార్లు క్లిక్ అయిందో ఆ సంఖ్య) చూడండి, డీ7500 షట్టర్‌ని నికాన్ 1,50,000 క్లిక్కులకి పరీక్షించింది. ఎఫ్/16లో తెల్లగోడని తీస్తే సెన్సర్ మీద దుమ్ము, క్యాప్ పెట్టి తీస్తే చెడిపోయిన పిక్సెళ్ళు బయటపడతాయి. బిల్లు మీద సీరియల్ నంబరూ బాడీ కింద నంబరూ ఒకటేనా చూసుకోవడం మర్చిపోకండి.

అడిగినవారు:

సరే, 35 ఎంఎం 1.8జీ తీసుకుంటున్నాను, డీ7200 డబ్బులు పోగయ్యాక చూస్తా. అన్నా, బతుకమ్మ లాంటి చోట డీ90లో ఏ సెట్టింగ్‌తో మొదలుపెట్టమంటారు?

జవాబు (గుంటూరు నుంచి):

మాన్యువల్ మోడ్, 1/160, ఎఫ్/2, ఐఎస్ఓ 1600. చుట్టూ తిరుగుతూ ఆడుతున్నప్పుడు చేతులు ఇంకా సాగుతుంటే 1/200కి పో, ఫొటో కాస్త డార్క్ అయినా పర్వాలేదు. 3200 అవసరమైతేనే వాడు, 6400 జోలికి వెళ్ళకు. ఫోకస్ మధ్య పాయింట్ మీదే పెట్టుకో, చీర అంచు, నుదుటి బొట్టు లాంటి తేడా స్పష్టంగా ఉన్న చోట పట్టి, షట్టర్ సగం నొక్కే ఉంచి ఫ్రేము సర్దుకుని వెంటనే తీసెయ్. రాలో తీయి, ఎందుకంటే ట్యూబ్‌లైట్లూ దీపాలూ కలిసిన చోట వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగుల సర్దుబాటు) తర్వాత సరిచేసుకోవాల్సి వస్తుంది. కార్డు 32 జీబీ వరకే వెయ్యి, డీ90కి అంతకన్నా పెద్ద రకం కార్డులు నికాన్ చెప్పలేదు. బ్యాటరీ ఈఎన్-ఈఎల్3ఈ ఇంకోటి జేబులో ఉంచుకో. లెన్స్ చేతికొచ్చాక పండగ దాకా ఆగకుండా ఒక సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద ఇవే సెట్టింగ్‌లతో తీసి రెండు ఫొటోలు ఇక్కడ పెట్టు, ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంటే చెప్తాను. డీ90లో లెన్స్‌కి తగ్గట్టు ఫోకస్ సరిచేసే ఆప్షన్ లేదు, కాబట్టి అలా పడుతుంటే లెన్స్ తిరిగిచ్చే గడువులోపలే తేల్చుకోవాలి.