నేల టిక్కెట్టులోని ‘ట’ ఎందుకు ‘డ’ కాలేదు?

బొబ్బిలి సభ్యుడు: డేరా సినిమా హాలు రోజుల్లో రిక్షా మైకులో వినిపించే ‘నేల, బెంచీ, కుర్చీ’ అన్న వరుసలో ఇంకొక మాట ఉండేది, అది స్ఫురించక సతమతమవుతున్నాను. అసలు ‘నేల టిక్కెట్టు’ మనవారు కూర్చుకున్న సమాసమా, ఇంగ్లీషును చూసి తెనిగించినదా?

విజయనగరం సభ్యుడు: తెనిగించినదే అని నా ఊహ. షేక్‌స్పియర్ కాలంలో గ్లోబ్ నాటకశాలలో ఒక్క పెన్నీ ఇచ్చి వేదిక ముందు నిలబడి చూసేవారిని ‘గ్రౌండ్లింగ్స్’ అనేవారు. హామ్లెట్ మూడో అంకంలో ఆ మాట ఉంది. 1892లోనే కన్యాశుల్కం ఆడిన మా ఊరి నాటకాభిమానులకు అది తెలియదనుకోను.

టెక్కలి సభ్యుడు: అక్కడివారు నిలబడ్డారని మీరే అన్నారు. మనవారు ఇసుకను కుప్ప చేసుకుని దర్జాగా కూర్చున్నారు. కూర్చునే చోటును బట్టి బెంచీ, కుర్చీ అన్నట్టే నేల అన్నారు. దానికి హామ్లెట్ దాకా వెళ్లనక్కరలేదు. నన్ను వేధిస్తున్నది ‘ట’. టక్కు, టెక్కు కలిసి ‘టక్కుడెక్కులు’ అయినప్పుడు ఇది ‘నేలడిక్కెట్టు’ ఎందుకు కాలేదు?

విజయనగరం సభ్యుడు: అది ద్వంద్వం, ఇది తత్పురుషం. పైగా తెలుగు మాటల మీది సంస్కృత పరుషాలకు (క, చ, ట, త, పలకు) గసడదవలు రావని, అంటే అవి గ, స, డ, ద, వలుగా మారవని చిన్నయ సూరి బాలవ్యాకరణంలో స్పష్టంగా చెప్పాడు. సంస్కృతానికి దక్కిన మినహాయింపు ఇంగ్లీషుకు దక్కితే తప్పేమిటి?

శ్రీకాకుళం సభ్యురాలు: మాస్టారూ, సూరిగారి సూత్రాన్ని సినిమా హాలు గేటు దగ్గర నిలబెట్టడం చూస్తే వాడుక భాష కోసం పోరాడిన మా గిడుగు రామమూర్తిగారు నవ్వుకునేవారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆ మహానుభావుడు సవర గిరిజనుల భాషను మాట్లాడేవారి నోట విని రాసుకుని, ఆ తరువాతే వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. జనం ‘ట’ అన్నారు కనుక అది ‘ట’. నాకు అంతకన్నా రుచించేది మరొకటి: టిక్కెట్టు, ఎటికెట్ (మర్యాద) రెండూ ఒకే ఫ్రెంచి మాట నుంచి పుట్టినవి, మొదటి అర్థం అంటించిన చీటీ. ఈలలు వేస్తారని బాల్కనీవారు ఈసడించిన నేలవారి చేతిలో ఉన్నదీ మర్యాద చీటీయే.

టెక్కలి సభ్యుడు: చమత్కారం బాగుంది గాని, తత్పురుషమన్నారు, ఏ తత్పురుషమో తేల్చలేదు. ‘నేల మీది టిక్కెట్టు’ అంటే కింద పడి ఉన్న చీటీ అవుతుంది, ‘నేల యొక్క టిక్కెట్టు’ అన్నా పొసగదు.

విజయనగరం సభ్యుడు: ‘నేలకు టిక్కెట్టు’ అని చతుర్థి చెప్పుకుంటే సరిపోతుంది. కాదనేవారు ‘రైలు టిక్కెట్టు’కు విగ్రహవాక్యం చెప్పి మరీ వాదించాలి.