హోసే పార్లా చిత్రాలను ఎలా చూడాలి? వాటిలో గ్రాఫిటీ ఎక్కడుంది?

ప్రశ్న

న్యూయార్క్‌లోని వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఆ భవనం లాబీలో హోసే పార్లా చిత్రం ‘వన్: యూనియన్ ఆఫ్ ద సెన్సెస్’ ఉంది. పొడవు 90 అడుగులు, ఎత్తు 15 అడుగులు, 2015లో పూర్తయింది. రంగురంగుల గీతలు ఒకదాని మీదుగా మరొకటి మెలికలు తిరుగుతూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగెత్తుతాయి. దూరం నుంచి చూస్తే ఎవరో గొలుసుకట్టుగా రాసిన పెద్ద ఉత్తరంలా అనిపిస్తుంది గానీ, దగ్గరికి వెళ్లి చదవబోతే ఒక్క అక్షరం కూడా చిక్కదు.

వడ్డాది పాపయ్య గారి బొమ్మలు, బాపు గారి బొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ణి. బొమ్మలో ఒక ముఖమో, ఒక చెట్టో ఉంటే చూపు ఎక్కడ నిలపాలో నాకు తెలుస్తుంది. ఇక్కడ అలాంటి ఆధారమేదీ లేదు. అయినా ఆ చిత్రం ముందు నుంచి ఊరికే నడిచి వెళ్లిపోవడం నాకు సాధ్యం కావడం లేదు. పార్లా గారు మయామీలో గోడల మీద గ్రాఫిటీ వేస్తూ ఈ రంగంలోకి వచ్చారని చదివాను. ఆ నేపథ్యం ఆయన జీవితకథలో ఒక ఘట్టం మాత్రమేనా, లేక చిత్రం మీద కంటికి కనిపించే విధంగా కూడా ఉందా? ఆ గీతల్లో నిజంగా మాటలు ఉన్నాయా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు

మాటలు వెతకాలని మీకు అనిపించడం సహజం, ఎందుకంటే ఆయన చిత్రానికి మూలం రాతే. బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్ అనే క్రీడా ప్రాంగణం కోసం 2012లో వేసిన పెద్ద చిత్రానికి ఆయన ‘డైరీ ఆఫ్ బ్రూక్లిన్’ అని పేరు పెట్టారు. రాసిన దాని మీదే మళ్లీ రాస్తూ, చదవడానికి వీలు కాని స్థితికి దాన్ని తీసుకువెళ్లడం ఆయన పద్ధతి. రాసిన విషయం పోయి, రాసిన చేయి మాత్రం మిగులుతుంది. మీరు చూడవలసింది ఆ చేతిని.

ఆ చేయి ఎక్కడ తయారైందో చెబితే మీ రెండో సందేహం కూడా కొంత తీరుతుంది. పార్లా గారు క్యూబా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు 1973లో మయామీలో పుట్టారు. 1980లలో ‘ఈజ్’ అనే పేరుతో గోడల మీద రాయడం మొదలుపెట్టారు. గ్రాఫిటీ వేసేవాళ్లు తమను తాము చిత్రకారులని కాక ‘రైటర్లు’ అని చెప్పుకుంటారు. వాళ్ల మొదటి పాఠం ట్యాగ్, అంటే పెట్టుకున్న పేరును ఒక్క ఊపులో రాసేయడం. స్ప్రే డబ్బాను గోడకు దగ్గరగా పట్టుకుంటే గీత సన్నగా, నిబ్బరంగా పడుతుంది. దూరంగా పట్టుకుంటే అంచులు పొగలా చెదిరిపోతాయి. చేయి కాస్త నెమ్మదించినా రంగు ఒకచోట చేరి కిందికి కారుతుంది. అందుకని అక్షరం గోడ మీదికి వెళ్లకముందే చేతికి పూర్తిగా వచ్చి ఉండాలి. ఆ కదలిక మణికట్టుతో అయ్యేది కాదు, భుజంతోనూ నడుముతోనూ అయ్యేది. మీ లాబీలో ఒక పొడవాటి వంపును ఎంచుకుని అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటితో అనుసరించండి. దాన్ని గీయడానికి మనిషి ఎంత దూరం నడిచి ఉండాలో, ఎక్కడ వంగి ఉండాలో, ఎక్కడ మునివేళ్ల మీద లేచి ఉండాలో మీ ఒంటికే తెలుస్తుంది.

ఈ సందర్భంలో చేతిరాతను పోలిన గీతలతో నైరూప్య చిత్రాలు వేసిన అమెరికన్ చిత్రకారుడు సై ట్వాంబ్లీ పేరు తరచుగా ఎత్తుతారు. పోలిక పైపైన సరిపోతుంది గానీ, ఇద్దరి దారులూ ఎదురెదురు. సైన్యంలో సంకేతలిపి విభాగంలో పనిచేసిన ట్వాంబ్లీ, చేతికి అలవాటైన నైపుణ్యాన్ని వదిలించుకోవడానికి చీకట్లో బొమ్మలు గీసేవారు. గ్రాఫిటీ రైటరు మాత్రం చేయి తప్పే అవకాశమే లేనంతగా ఒకే పేరును వందలసార్లు రాస్తాడు. పార్లా గీతల్లోని ఆ ధీమా ఈ సాధన నుంచి వచ్చింది. నాకు ఆయనలో అన్నింటికన్నా నచ్చేది కూడా అదే.

ఇక రెండో సంగతి పొరలు. నగరంలో ఒకరి పేరు మీద మరొకరు పేరు రాస్తారు, పురపాలక సిబ్బంది వచ్చి దాని మీద సున్నమో రంగో కొడతారు, పోస్టర్లు అంటిస్తారు, వాన వాటిని ఊడదీస్తుంది. మన ఊళ్లలో పాత సినిమా హాలు పక్క గోడను గుర్తు చేసుకోండి: పోస్టరు మీద పోస్టరు అట్ట కట్టి, ఒక మూల ఊడినప్పుడు అడుగున ఎప్పటిదో వేరే సినిమా కథానాయకుడి కన్ను బయటపడుతుంది. పార్లా అలాంటి గోడను కాన్వాసు మీదో చెక్క మీదో తానే కడతారు. ప్లాస్టరు పూస్తారు, పోస్టరు కాగితాలు అంటించి చించుతారు, సిరా, అక్రిలిక్, ఎనామెల్ ఒకదాని మీద ఒకటి వేసి మళ్లీ గీకుతారు. ప్యారిస్‌లో రేమోఁ ఏన్స్, జాక్ విల్‌గ్లే అనే కళాకారులు 1949 నుంచే వీధి గోడల మీది చిరిగిన పోస్టర్లను సేకరించి, తర్వాత వాటినే కళాకృతులుగా ప్రదర్శించారు కాబట్టి ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. అయితే వాళ్లు దొరికిన గోడను తెచ్చారు; ఈయన ఇరవై ఏళ్ల గోడ అనుభవించినదంతా ఒక గదిలో కూర్చి చూపిస్తారు.

రెండో జవాబు

పై జవాబులోని సాంకేతిక వివరణతో నాకు పేచీ లేదు. కానీ గ్రాఫిటీని చేతి నైపుణ్యానికీ పొరలకూ కుదించి చెప్పడం నాకు అసంపూర్ణంగా అనిపిస్తోంది. ‘టాకీ 183’ అని ఊరంతా రాసిన కుర్రవాడి గురించి న్యూయార్క్ టైమ్స్ 1971లో రాసింది. అప్పటి నుంచి ఆ నగరం ఈ రాతలను నేరంగానే చూసింది. గ్రాఫిటీ ఉన్న చివరి సబ్‌వే రైలును 1989 మే 12న తొలగించి, దాన్ని ఒక విజయంగా ప్రకటించుకుంది. నాది కాని చోట నా పేరు ఉండి తీరుతుందనే పట్టుదల గ్రాఫిటీకి ప్రాణం. మన దగ్గర ఈ తేడా చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో 2016లో వీధి కళా సంస్థ స్టార్ట్ ఇండియా వాళ్లు వేయించిన గోడచిత్రాలు నాకు ఎంతో ఇష్టం, కానీ అవి అనుమతితో, అందరి సహకారంతో వేసినవి.

అందుచేత ఆకాశహర్మ్యం యజమానులే డబ్బిచ్చి లాబీకి చిత్రం వేయించుకున్నప్పుడు, అందులో గ్రాఫిటీ రూపం ఉంటుంది గానీ, ఆ తెగింపు ఉండదు. ఎవరూ దాని మీద రాయరు, ఎవరూ చెరపరు. పార్లా గొప్ప వర్ణచిత్రకారులని ఒప్పుకుంటాను. ఆయన్ను గ్రాఫిటీ చిత్రకారుడని పిలవడం మాత్రం మానేస్తే, ఆయనకూ వీధిలో ఇప్పటికీ రాస్తున్నవాళ్లకూ న్యాయం జరుగుతుంది.

అదే మాటకు వస్తే, న్యూయార్క్ గ్రాఫిటీ రైటరు ఫ్యూచురా 1980లో ‘బ్రేక్’ పేరుతో ఒక సబ్‌వే పెట్టె మొత్తాన్ని దాదాపు అక్షరాలే లేకుండా రంగు మేఘాలతో నింపారు. గ్రాఫిటీ నైరూప్యంగా మారడానికి గ్యాలరీ అక్కర్లేదని ఆ పెట్టె అప్పుడే రుజువు చేసింది. మీరు ముందు దాని ఫొటో చూసి, ఆ తర్వాత లాబీ చిత్రం చూడాలని నా సలహా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రోజు మధ్యాహ్నం ఒక తెల్ల గీతను పట్టుకుని దాని వెంట వెళ్లాను. అది రెండు చోట్ల ఇతర గీతల కిందికి దూరి, మూడో చోట వాటి మీదికి వచ్చింది. ఏది ముందు వేశారో, ఏది తర్వాత వేశారో తేల్చుకోవడంలోనే చాలాసేపు గడిచింది. మరొక్క సందేహం. ఆయనకు కోవిడ్ చాలా తీవ్రంగా వచ్చిందని విన్నాను. చేతి కదలికే ఇంత ముఖ్యమైనప్పుడు, ఆ తర్వాత ఆయన ఎలా వేస్తున్నారు?

మొదటి జవాబు ఇచ్చినవారు

విన్నది నిజమే. 2021లో ఆయన నెలల తరబడి కోమాలో ఉన్నారు. పక్షవాతం, మెదడులో రక్తస్రావం కూడా వచ్చాయి. నడక మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. అలాంటి మనిషి తిరిగి మనిషెత్తు కాన్వాసుల ముందు నిలబడ్డారు. 2024లో తన పుట్టిన ఊళ్లోని పెరెజ్ ఆర్ట్ మ్యూజియంలో ‘హోమ్‌కమింగ్’ ప్రదర్శన పెట్టినప్పుడు, సిద్ధంగా ఉన్న చిత్రాలు తెచ్చి తగిలించడంతో సరిపెట్టక అక్కడి గోడ మీదే చిత్రం వేశారు. చిన్ననాటి నుంచి ఒళ్లంతా కదిలించి రాసిన అలవాటు ఆయన్ను మళ్లీ నిలబెట్టిందని నేను నమ్ముతాను. ఇది వైద్యులు చెప్పిన మాట కాదు, చిత్రాలు చూసి నాకు కలిగిన అభిప్రాయం.

రెండో జవాబు ఇచ్చినవారికి ఒక మాట. లాబీ గురించి మీరన్నది న్యాయమే. కానీ ఆయన పని లాబీలతో ఆగలేదు. 2012లో గోడల మీద పెద్ద పెద్ద ఫొటోలు అంటించే ఫ్రెంచ్ కళాకారుడు జేఆర్‌తో కలిసి హవానాలో చేసిన ‘ద రింకిల్స్ ఆఫ్ ద సిటీ’ చూడండి. విప్లవ కాలం చూసిన 25 మంది వృద్ధుల ముఖాలను జేఆర్ ఫొటో తీసి, పెచ్చులూడిన గోడల మీద నిలువెత్తున అంటించారు. పార్లా ఆ ముఖాల చుట్టూ, వాటి మీదుగా తన రాతను నడిపించారు. నాయకుల బొమ్మలకే అలవాటుపడిన ఆ ఊరి గోడల మీద మామూలు మనుషుల ముఖాలు అంత పెద్దవిగా నిలిచాయి. ఎండకూ వానకూ అవి వదిలేసిన పనులు. మీరడిగిన తెగింపు అనుమతి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో తేలేది కాదని నా వాదన. ఎవరి ముఖానికి గోడ దొరికింది అన్నది కూడా చూడాలి.

రెండో జవాబు ఇచ్చినవారు

హవానా విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. లాబీ విషయంలో నా అభిప్రాయం మారలేదు.