పూలకుండీ మడమా, పూలకుండీ అడుగా?

ప్రశ్న: చీనాను ఏలిన మంచూల చింగ్ వంశం నాటి దొరసానుల జోళ్ళ గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషులో 'ఫ్లవర్‌పాట్ షూస్' అని ఉంది. 'పూలకుండీ చెప్పులు' అని రాస్తే పూల బొమ్మలున్న చెప్పులేమో అనుకుంటారు. 'పూలకుండీ మడమల జోళ్ళు' అంటే సరిపోతుందా? చీనా భాషలో అసలు పేరేమిటో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మడమ అనకండి, దయచేసి. హైహీల్స్ అలవాటై మనకి ఆ మాట ముందొస్తుంది గానీ, ఈ జోడుకి ఎత్తు మడమ దగ్గర ఉండదు. చీనా పేరు హువాపెన్‌ది. హువాపెన్ అంటే పూలకుండీ, 'ది' అంటే అడుగుభాగం. పేరు పెట్టింది జోడుకి కాదు, దాని అడుగుకి.

ఫోటోలో పక్కనుంచి చూడండి. పట్టుగుడ్డ మీద కుట్టుపని చేసిన మామూలు జోడు పైన ఉంటుంది. దాని కింద, సరిగ్గా అరికాలి నడిమధ్యన, ఒక చెక్క దిమ్మ. పైన వెడల్పు, కిందికి వచ్చేసరికి సన్నం, అందుకే పూలకుండీ. వేళ్ళ వైపూ మడమ వైపూ కింద ఏ ఆధారమూ లేదు, రెండు కొసలూ గాల్లోనే. మొత్తం ఒళ్ళు ఆ దిమ్మ మీదే నిలబడాలి. దిమ్మకి తెల్లటి సన్నబట్ట అంటిస్తారు, లేదంటే తెల్లరంగు పూస్తారు. డబ్బున్నవాళ్ళు దాని మీద కూడా పూసలు కుట్టించేవారు. ఎత్తు సాధారణంగా 5 నుంచి 10 సెంటీమీటర్లు, కొన్ని 15 కూడా దాటాయి. చెక్క ఎంత గట్టిదంటే పైన గుడ్డ చిరిగిపోయినా దిమ్మ చెక్కుచెదరదు, దాన్నే తీసి ఇంకో జోడుకి వాడేవారు.

రెండో రకం మాతీది, గుర్రపు డెక్క అడుగు. ఇది కుండీకి తలకిందులు: పైన సన్నం, కింద వెడల్పు. నేల మీద పడే అచ్చు కూడా డెక్క ముద్రలాగే ఉంటుంది. చాలా వ్యాసాల్లో ఈ రెండూ కలిపేసి 'పూలకుండీ' అనేస్తున్నారు. మీ వ్యాసంలో బొమ్మ ఉంటే ఏ రకమో చూసుకుని రాయండి.

కాబట్టి నా మాట 'పూలకుండీ అడుగు జోళ్ళు'. గిన్నె అడుగు, బావి అడుగు అని రోజూ అంటూనే ఉంటాం కదా, వినడానికి కొత్తగా ఏమీ ఉండదు.

మరొకరు: వీటికి 'చీషే' అనే పేరు కూడా చూశాను. చీ అంటే జెండా, షే అంటే జోడు. 'జెండా జోళ్ళు' అనొచ్చా?

జవాబు: అనకపోతేనే మంచిదండీ. ఇక్కడ చీ అంటే జెండా గుడ్డ కాదు, జెండా కింద ఉండే జనం. మంచూల నాయకుడు నూర్హాచీ తన జనాన్ని దళాలుగా విడదీశాడు, 1615 నాటికి అవి ఎనిమిదయ్యాయి. ఒక్కో దళానికి ఒక్కో జెండా. సైనికులే కాదు, వాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ ఆ దళం లెక్కలోకే వచ్చేవారు. మంచూ భాషలో దళాన్ని గూసా అంటారు. ఆ జనం వేసుకునే జోడు కాబట్టి చీషే. ఈరోజు అందరికీ తెలిసిన చీపావ్ గౌనులో ఉన్నది కూడా ఈ చీయే. తెలుగులో 'మంచూ జోళ్ళు' అంటే అర్థం చెడదు.

ఇంకొకరు: చిన్నపిల్లల పాదాలు గుడ్డలతో బిగించి కట్టేసేవాళ్ళని చదివాం. ఆ కట్టిన పాదాలకి వేసేవి ఈ జోళ్ళే కదా?

జవాబు: కానే కాదు, ఈ పొరపాటు మాత్రం ఎక్కడ కనిపించినా సరిచేయాలి. పాదాలు కట్టడం చీనాలో ఎక్కువమంది అయిన హాన్ జనం ఆచారం. మంచూ ఆడవాళ్ళు పాదాలు కట్టుకోకూడదని పాలకులే శాసించారు. నూర్హాచీ కొడుకు హోంగ్ తైజీ 1638లోనే పాదాలు కట్టేవారికి కఠిన శిక్ష అని ఉత్తర్వు వేశాడు. ఇది ఆ ఆడపిల్లల అదృష్టమనే నేనంటాను, ఎముకలు విరగకుండా పెరిగారు. అయితే హాన్ ఆడవాళ్ళ చిన్న పాదాల నడక మీద ఉన్న మోజు వీళ్ళ మీదా పనిచేసిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. పొడవాటి అంగీ పాదాల్ని కప్పేస్తుంది, కింద ఆ చిన్న దిమ్మ కొస మాత్రమే కనిపిస్తుంది. మనిషి ఎత్తు పెరుగుతుంది, అడుగులు చిన్నవై నడక ఊగుతుంది. పాదం మాత్రం పాడవదు.

మంచూల్లో ఇంకో కథ ఉంది. బురద నేల దాటాల్సి వచ్చినప్పుడు కొంగల పొడుగు కాళ్ళు చూసి కాళ్ళకి కర్రలు కట్టుకున్నారట. కథగానే రాయండి, చరిత్రగా కాదు.

వేరొకరు: చెక్క అంటున్నారు కాబట్టి 'పావుకోళ్ళు' అనొచ్చు కదండీ, మన మాటే.

జవాబు: మాట మంచిదే, వస్తువే వేరు. పావుకోడు మొత్తం చెక్కే, పాదం పైన తెరిచే ఉంటుంది, వేళ్ళ మధ్య బుడిపె పట్టుకుని నడవాలి. ఇక్కడ చెక్క అడుగున మాత్రమే. పాదాన్ని కప్పేది పట్టుగుడ్డ. అదే కారణంతో 'చెప్పులు' కూడా నాకు నచ్చలేదు. పాత మాటే కావాలంటే 'ముచ్చెలు' ఉంది, కుట్టుపని ఉన్న జోళ్ళకి బాగా నప్పుతుంది. కానీ ఈ తరానికి దాని పక్కన ఒక వివరణ రాయాల్సి వస్తుంది, ఆ టెన్షన్ ఎందుకు? జోళ్ళు చాలు.

ప్రశ్న అడిగినవారు: చాలా ఉపయోగపడింది. 'పూలకుండీ అడుగు జోళ్ళు' అనే రాస్తున్నాను. ఒక్క సందేహం. రాణి త్సీషీ ముసలితనంలో కూడా ఇవే వేసుకున్నట్టు రాయవచ్చా?

జవాబు: ఆస్థాన ఫోటోగ్రాఫర్ షున్‌లింగ్ 1903–04లో తీసిన ఆవిడ ఫోటోలున్నాయి, అప్పటికి ఆవిడకి 70 దగ్గర. అంగీ అంచు కింద ఎత్తు అడుగు జోళ్ళు కనిపిస్తాయి, కాబట్టి రాయవచ్చు. కానీ అందరికీ అదే వర్తించదు. మామూలుగా వయసు మళ్ళినవాళ్ళు ఎత్తు తగ్గించేవారు. వాళ్ళవి యువాన్‌బావ్‌ది, అంటే డబ్బుగా వాడిన చీనా వెండి దిమ్మ ఆకారంలో ఉండే పొట్టి అడుగు. అది మీ వ్యాసంలో వస్తే 'వెండిదిమ్మ అడుగు' అని రాసుకోండి, మిగతా రెండు పేర్లతో వరసగా ఉంటుంది.