మగవాళ్లు లేని లోకం కథలు: ప్రయోగమా, ముందే రాసిపెట్టుకున్న తీర్పా?

వాలుకుర్చీ

ఈ మధ్య వరసపెట్టి పాత సైన్స్ ఫిక్షన్ కథలు చదువుతున్నాను. ఎక్కువగా 1970ల నాటివి, ఆడా మగా అనే తేడాని అటూ ఇటూ తిప్పి చూసినవి. నిన్న రాత్రి జేమ్స్ టిప్ట్రీ జూనియర్ ‘హ్యూస్టన్, హ్యూస్టన్, డూ యూ రీడ్?’ (1976) పూర్తయ్యాక నిద్ర పట్టలేదు. బాగుందో లేదో చెప్పలేను గానీ ఒళ్లు మాత్రం మండింది.

చదవనివాళ్ల కోసం కథ చెప్పేస్తున్నాను, చదవబోయేవాళ్లు ఈ పేరా వదిలేయండి. సూర్యుణ్ణి చుట్టి రావడానికి బయల్దేరిన ముగ్గురు మగ వ్యోమగాములు సౌర తుఫానులో చిక్కి, సుమారు మూడొందల ఏళ్ల తర్వాతి కాలంలో తేలతారు. అప్పటికి అంటురోగం వచ్చి భూమ్మీద మగజాతి అంతరించింది. ఉన్న ఆడవాళ్లు క్లోనింగ్‌తో వంశాలు నిలబెట్టుకున్నారు. యుద్ధాలు లేవు. వాళ్ల ఓడే ఈ ముగ్గురినీ కాపాడుతుంది. కాపాడి, మనసుకున్న కళ్లేలు వదిలిపోయే మందు ఒకటి వీళ్లకి తెలియకుండా ఇస్తుంది. ఒకడు ఒకావిడ మీద పడతాడు. ఇంకొకడు దేవుడి పేరు చెప్పి, మీకందరికీ పెద్దదిక్కు నేనేనంటూ తుపాకీ తీస్తాడు. ఇక వీళ్లని ఏం చెయ్యాలన్నది ఆడవాళ్లు నిర్ణయించుకుంటారు.

నాకు నచ్చనిది ఇదీ. ముగ్గురు మగవాళ్లు, వాళ్లూ నెలల తరబడి డబ్బాలాంటి ఓడలో మగ్గినవాళ్లు. వాళ్లకో మందు. దాంతో సగం మానవజాతి మీద తీర్పు! ఫలితం రచయిత చేతిలోనే ఉన్నప్పుడు దాన్ని ప్రయోగం అని ఎందుకనాలి? ఇలాంటి కథలు మనిషి స్వభావం గురించి నిజంగా ఏమైనా చెబుతాయా, లేక రాసినవాళ్ల కోపం గురించి మాత్రమే చెబుతాయా?

సందేహాలరావు

నా మనసులో మాట రాశారు. ఇదే కథ తిరగేసి, ఆడవాళ్లు లేని లోకం హాయిగా ఉందని ఎవరైనా రాస్తే ఇక్కడెంత గొడవ అయ్యేదో!

దీపిక_ఎం

ఆడవాళ్లు లేని లోకాలకి సైన్స్ ఫిక్షన్‌లో కొదవేముంది రావు గారూ? 1940ల, 50ల కథలు తీసి చూడండి. చాలా ఓడల్లో అంతా మగవాళ్లే. ఎందుకో ఒక్క వాక్యం ఉండదు. అంటురోగం కూడా అక్కర్లేదు. చదివేవాళ్లకి వింతగానూ అనిపించలేదు. టిప్ట్రీ కనీసం కారణం చెప్పింది.

జోవన్నా రస్ రాసిన ‘వెన్ ఇట్ చేంజ్డ్’ (1972) చదివారా? అక్కడా అంతే. వైల్అవే అనే గ్రహం మీద ముప్ఫై తరాల కిందట మగవాళ్లు రోగంతో పోయారు. ఆడవాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు, పొలాలు దున్నుతున్నారు, తగువొస్తే ద్వంద్వయుద్ధాలూ చేసుకుంటున్నారు. ఒకరోజు భూమి నుంచి నలుగురు మగవాళ్లు దిగుతారు. వాళ్లు చాలా మర్యాదస్తులు, ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. చుట్టూ జనం నిలబడి ఉండగా వాళ్లలో ఒకతను అడుగుతాడు: మీ జనమంతా ఎక్కడ? ఆ ప్రశ్నకి అర్థం ఏమిటో కథ చెబుతున్న జానెట్‌కి ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. అక్కడ మందూ లేదు, వచ్చిన మగవాళ్లు తుపాకీ తీసి బెదిరించడమూ లేదు. ఆ ఒక్క ప్రశ్నే. దాన్ని కూడా తీర్పే అంటారా?

వాలుకుర్చీ

అది వేరు. రస్ కథలో ఆడవాళ్లు దేవతలు కారు, చంపుకుంటారు కూడా. అందుకే నమ్మాను. టిప్ట్రీ కథలో వాళ్లు మరీ ప్రశాంతంగా ఉన్నారు, నా పేచీ అక్కడే.

ఇసుకగడియారం

మీరంతా 70లకి వెళ్లిపోయారు. నేను ఇంకా వెనక్కి వెళ్తాను. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో బెంగాల్‌కి చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో ఒక చిన్న కథ రాసింది: ‘సుల్తానాస్ డ్రీమ్’. అందులో పరదా తిరగబడింది. మగవాళ్లు ఇంటి లోపల, ఆడవాళ్లు బయట. ఎండవేడితో వంట, గాల్లో ఎగిరే బండి, మబ్బుల నుంచి నేరుగా నీళ్లు పట్టే బెలూను. శత్రుసేన మీదకొస్తే ఎండని పోగుచేసి వాళ్ల మీదకి వదిలి తరిమేస్తారు.

ఇవన్నీ సరదాగా ఉంటాయి గానీ నాకు గుర్తుండిపోయింది ఇంకో చిన్న చోటు. కల కంటున్న సుల్తానా పట్టపగలు ముసుగు లేకుండా వీధిలో నడవడానికి సిగ్గుపడుతూ ఉంటుంది. దారినపోయే ఆడవాళ్లు ఆమెని చూసి ఏదో అని నవ్వుతారు. ఏమంటున్నారని అడిగితే, నువ్వు అచ్చం మగాడిలా ఉన్నావంటున్నారని జవాబు. మగాడిలా అంటే? బిడియంగా, భయం భయంగా అని!

వాలుకుర్చీ గారి ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఆ చోటే. ఆ దేశంలో బిడియం మగ లక్షణం. ఎందుకంటే లోపల కూర్చునేది వాళ్లు కాబట్టి. గోడకి ఏ పక్కన ఎవరున్నారో మార్చింది రచయిత్రి, దాంతో ‘స్వభావం’ అనే మాటే పక్క మారింది. దీనికి మందు అక్కర్లేకపోయింది.

సందేహాలరావు

బాగానే ఉంది. కానీ మగవాళ్లని ఇంట్లో పెట్టి తాళం వెయ్యడం న్యాయమా? అన్యాయాన్ని తిరగేస్తే న్యాయం అయిపోతుందా?

అన్నట్టు ఇంకో చిన్న సందేహం. దీపిక గారు ‘టిప్ట్రీ చెప్పింది’ అని రాశారు. పేరు జేమ్స్ కదండీ? టైపింగ్ తప్పా?

దీపిక_ఎం

మొదటిదానికి: రొకేయాది వెటకారం. ఆవిడ బయట రాసిన వ్యాసాల్లో, నడిపిన బడిలో అడిగింది ఆడపిల్లలకి చదువు. మగవాళ్లకి తాళాలు వెయ్యమని ఎక్కడా అడగలేదు.

రెండోదానికి: తప్పు కాదు. రాత్రిబడి గారు చెబితే బాగుంటుంది, వారు టిప్ట్రీ అభిమాని.

రాత్రిబడి

పిలిచారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

జేమ్స్ టిప్ట్రీ అనే మనిషి లేడు. అసలు పేరు ఆలిస్ షెల్డన్, 1915లో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి, విమానాల నుంచి తీసిన ఫోటోలు చూసి శత్రువుల ఆచూకీ పట్టే పని చేసింది. తర్వాత కొన్నాళ్లు సీఐఏలో ఉంది. 1967లో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు తీసుకుంది. ఆ రోజుల్లోనే కథలు పంపుదామనుకుని, దుకాణంలో మార్మలేడ్ సీసా మీద కనిపించిన పేరు పెట్టేసుకుంది. చివర జూనియర్ తగిలించింది భర్త. 1968 నుంచి కథలు అచ్చవుతూ వచ్చాయి. ఉత్తరాలతోనే అందరితోనూ స్నేహం, ఎవరికీ ముఖం చూపించలేదు.

ఆడమనిషేమో అని కొందరు గుసగుసలాడారు. 1975లో టిప్ట్రీ కథల సంపుటానికి ముందుమాట రాస్తూ తోటి సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ ఆ ఊహని కొట్టిపారేశాడు. ఈ రచనలో తప్పించుకోలేని మగతనం ఉందన్నాడు, హెమింగ్వేతో పోల్చాడు. తమాషా ఏమిటంటే ఆ పుస్తకంలోనే ‘ది విమెన్ మెన్ డోంట్ సీ’ ఉంది. మగవాడు కథ చెబుతూ ఉంటాడు, పక్కనున్న ఆడమనిషి మాట ఒక్కటీ అతని తలకెక్కదు. చివరికి ఆవిడ కూతురితో సహా గ్రహాంతరవాసుల వెంట వెళ్లిపోతుంది, మగవాళ్ల మధ్య ఉండడం కన్నా అదే నయమని. ఆ కథని చదివి, మెచ్చుకుని, ఇది రాసింది మగవాడేనని ముందుమాట రాశాడన్నమాట!

1976 చివర్లో ఆలిస్ తల్లి చనిపోయింది. ఆవిడా పేరున్న రచయిత్రి, ఆఫ్రికా యాత్రలు చేసిన మనిషి. తల్లి పోయిందని టిప్ట్రీ ఉత్తరాల్లో రాసిన వివరాలని పత్రికల్లో మరణవార్తతో సరిచూసి అభిమానులు గుట్టు లాగేశారు. సిల్వర్‌బర్గ్ తర్వాత తన పొరపాటు హుందాగానే ఒప్పుకున్నాడు.

వాలుకుర్చీ గారూ, మీరు పేచీ పెట్టిన కథ 1976లో, గుట్టు బయటపడక ముందే అచ్చయింది. అప్పటి పాఠకులు దాన్ని మగవాడు రాసిన కథగానే చదివారు. మగ పేరుతో చదివితే అది ‘మనవాడే మనల్ని నిలదీశాడు’ అనిపిస్తుంది. ఆడ పేరుతో చదివితే ‘కోపం’ అనిపిస్తుంది. మీరు మొదటి పోస్టులో కోపం అన్నారు. పేరు వెనక ఎవరున్నారో మీకు ముందే తెలుసా?

వాలుకుర్చీ

తెలుసు. పుస్తకం అట్ట మీదే ఉంది. మీరడిగాక ఇబ్బందిగా ఉంది, అబద్ధం ఎందుకు. అయినా ముగ్గురూ ఒక మందూ అన్న అభ్యంతరం వదులుకోను. మగవాడు రాసినా అది బలహీనమైన కథనమే.

రాత్రిబడి

అది న్యాయమైన అభ్యంతరమే. అందుకే ఆమె ఇంకో కథ చూడమంటాను. 1977లో రకూనా షెల్డన్ అనే ఇంకో పేరుతో రాసిన ‘ది స్క్రూఫ్లై సొల్యూషన్’. పశువుల పుళ్లలో పెరిగే స్క్రూవర్మ్ అనే ఈగ ఉంది. అమెరికాలో దాన్ని వదిలించడానికి మగ ఈగలకి రేడియేషన్ పెట్టి, గొడ్డువి చేసి, లక్షల్లో వదిలారు. ఆడ ఈగ బతుకులో ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్కసారి గొడ్డుదానితో అయితే ఇక పిల్లలుండవు. అంటే ఆ జాతి గొలుసులో బలహీనమైన లింకు అదన్నమాట. షెల్డన్ అడిగిందల్లా, మనిషి గొలుసులో అలాంటి లింకు ఎక్కడుంది అని. ఎవరో బయటివాళ్లు మగవాళ్లలో కోరికకీ దాడికీ మధ్య తీగ ఒకటి మార్చేస్తారు, ఊళ్లకి ఊళ్లు ఆడవాళ్లు చచ్చిపోతుంటారు. చంపేవాళ్లు మాత్రం దానికి మతం పేరు పెట్టుకుంటారు. అందులో మంచి భర్త ఒకడున్నాడు. తనకేం జరుగుతోందో తనకి తెలుసు. తెలిసీ ఆగలేడు. నాకు అతని మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

సందేహాలరావు

ఇది చదువుతాను. మొదటిదాని కన్నా భయంగా ఉంది.

దీపిక_ఎం

మగవాళ్లని తప్పించకుండానే అడిగిన కథలూ ఉన్నాయి. ఆక్టేవియా బట్లర్ ‘బ్లడ్‌చైల్డ్’ (1984). ఇంకో గ్రహం మీద మనుషులు శరణార్థులు. అక్కడి జీవులకి గుడ్లు పెట్టడానికి మనిషి ఒళ్లు కావాలి. మోయాల్సింది గాన్ అనే కుర్రాడు. చాలామంది దీన్ని బానిసత్వం కథగా చదివారు. బట్లర్ కాదంది. మగవాడు గర్భం మోసే కథ, అదీ ఇష్టపడి మోసే కథ రాయాలనుకున్నానంది. ప్రేమ కథ అని కూడా అంది! కాన్పు చూసి భయపడిపోయిన కుర్రాడు, తను ఒద్దంటే ఆ భారం అక్క మీద పడుతుందని తెలిసి నిర్ణయం తీసుకుంటాడు. భయం, ప్రేమ, ఇంటి మీద బాధ్యత, ఇంకో దారి లేకపోవడం, అన్నీ కలిసిపోయి ఉంటాయి. వీటిలో ఆడ స్వభావం ఏది, మగ స్వభావం ఏది అని విడదీయడానికి ప్రయత్నించి చూడండి.

ఇసుకగడియారం

చర్చ పక్కదారి పడుతుందేమో గానీ, రావు గారు ‘చెప్పింది’ మీద అడిగిన సందేహం నన్ను వదల్లేదు. కారణం, ఉర్సులా లె గ్విన్ ‘వింటర్స్ కింగ్’ని తెలుగు చేద్దామని రెండు నెలలుగా కుస్తీ పడుతున్నాను. గెథెన్ గ్రహం మనుషులకి స్థిరమైన ఆడతనం, మగతనం లేవు. నెలలో కొద్దిరోజులు ఏదో ఒకటి వస్తుంది, పోతుంది. 1969లో అచ్చైనప్పుడు కథంతా ‘అతను’. కథ రాసేనాటికి ఆ మనుషులు అలాంటివాళ్లని లె గ్విన్‌కే తెలియదు. 1975లో సంపుటంలో వేసినప్పుడు అందరినీ ‘ఆమె’ చేసేసి, రాజు అనే మాట మాత్రం రాజుగానే ఉంచింది. చదువుతుంటే అడుగడుగునా కాలికి రాయి తగిలినట్టుంటుంది, కావాలనే.

ఇంగ్లీషులో సర్వనామం ఒక్కటి మారిస్తే సరిపోయింది. తెలుగులో క్రియ కూడా నోరు విప్పుతుంది. ‘వచ్చాడు’ అంటే మగవాడు. ‘వచ్చింది’ అంటే ఆడమనిషి, ఆవు, వాన, బస్సు, ఏదైనా. మన వ్యాకరణం మహత్తు అని మగవాణ్ణి ఒక పక్కన పెట్టి, ఏకవచనంలో ఆడమనిషిని మిగతా ప్రపంచంతో కలిపేసింది. బహువచనానికి వచ్చేసరికి ‘వచ్చారు’ అని మళ్లీ మనుషుల్లోకి తీసుకుంటుంది. ఇది సైన్స్ ఫిక్షన్ కాదు, మనం రోజూ మాట్లాడేది.

సందేహాలరావు

మరి ఇంకేం, అందరికీ ‘వారు వచ్చారు’ అని పెట్టెయ్యండి. గొడవ వదిలిపోతుంది.

ఇసుకగడియారం

మొదట అదే చేశాను. రాజుకి సరిపోయింది. దొంగకీ, కాపలావాడికీ ‘వారు’ పెడితే కథంతా పెళ్లిశుభలేఖలా తయారైంది. ‘కాపలావాడు’ అనడానికి కూడా వీల్లేదు చూశారా, కాపలా మనిషి అనాలి. రస్ కథ అయితే ‘నేను’ చెబుతుంది కాబట్టి వచ్చాను, వెళ్లాను అని కొంతదూరం దాచొచ్చు. కానీ ‘నేను పిరికిదాన్ని కాను’ లాంటి వాక్యం ఒక్కటి వచ్చిందా, గుట్టు రట్టు.

పసిపిల్లల దగ్గర మాత్రం తెలుగు నన్ను ఆదుకుంది. ‘బిడ్డ ఏడ్చింది’ అంటే ఆడో మగో ఎవరూ అడగరు. రాజు అర్గావెన్ పసిబిడ్డ ఎమ్రాన్‌ని వదిలి వెళ్లే చోటు హాయిగా సాగిపోయింది.

చిక్కు చివర్లో. రాజు కాంతివేగానికి దగ్గరగా వేరే లోకానికి పోయి, అక్కడ పన్నెండేళ్లు ఉండి తిరిగొచ్చేసరికి ఇక్కడ అరవై ఏళ్లు గడిచాయి. ఎమ్రాన్ ముసలి రాజై, దేశాన్ని పాడుచేసి, చనిపోయి పడి ఉంటుంది. ఉంటాడు. ఉంటారు. కన్న మనిషేమో ఇంకా వయసులోనే ఉంది, శవం ముందు నిలబడింది. బిడ్డ అనుకుంటే ‘చనిపోయింది’. రాజు అనుకుంటే ‘చనిపోయారు’. ఆ ఒక్క క్రియ దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను.

వాలుకుర్చీ

మొదట్లో ‘బిడ్డ ఏడ్చింది’ అని రాశారుగా. చివర్లో కూడా ‘బిడ్డ చనిపోయింది’ అనే రాసి చూడండి. ముసలి రాజే కావచ్చు, చూస్తున్నది కన్న మనిషి కదా.

ఇసుకగడియారం

రాసి చూశాను ఇప్పుడే. ఒకసారి పైకి చదువుకున్నాను కూడా. ఉంచేస్తున్నాను.