బైకు మీద పట్టే మేజిక్ టేబుల్, వెయ్యి రూపాయల్లో అవుతుందా?

రావులపాలెం కొత్తోడు

అందరికీ నమస్కారం. పుట్టినరోజులకీ, స్కూళ్లల్లో పిల్లలకీ చిన్న చిన్న మేజిక్ షోలు చేస్తుంటాను. ఇన్నాళ్లూ ఎక్కడికెళ్తే అక్కడ దొరికిన బల్ల మీదే లాగించేశాను. మొన్న ఒక గోదారి లంక ఊళ్లో ఫంక్షన్‌కి వెళ్తే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ముందు పెట్టారు, "దీని మీద కానిచ్చేయండి మాస్టారూ" అని. కుర్చీ మధ్యలో గుంట ఉంటుంది కదా, కప్పులూ బంతుల ఐటమ్‌లో కప్పు ఎత్తినప్పుడల్లా బంతులన్నీ అందులోకే దొర్లాయి. వాటి వెంట నేను పడుతుంటే పిల్లలు అదే ఐటమ్ అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆన్‌లైన్‌లో అమ్మే టేబుళ్ల రేట్లు చూసి పేజీ మూసేశాను. బైకు మీద పట్టాలి, నిమిషంలో నిలబడాలి, వెయ్యి దాటకూడదు. ఎవరైనా సొంతంగా చేసుకున్నారా?

పేకముక్క, కాకినాడ

మూడుసార్లు చేశానండి. మొదటి రెండూ అటక మీద ఉన్నాయి.

మొదటిది ముప్పావు అంగుళం పీవీసీ పైపులతో. పైపులు అతికే ఎల్బోలు, టీలు కలిపి నాలుగు కాళ్లు. గమ్ము వేస్తే విప్పలేం, వేయకపోతే ఊగుతుంది. పేక కట్ట పెట్టి చెయ్యి తీయగానే బల్ల తలూపేది, నేను చెప్పేదానికల్లా ఔనంటున్నట్టు.

రెండోదానికి గట్టిగా ఉండాలని 19 ఎంఎం ప్లైవుడ్ వేశాను. 18 అంగుళాలకి 15 అంగుళాల ముక్క, దానికదే రెండు కిలోలు తూగింది. అదే కొలత 6 ఎంఎంలో ముప్పావు కిలో కూడా ఉండదు. పైన బరువు, కింద సన్నటి స్టాండు. ఇంక చెప్పేదేముంది, చొక్కా చెయ్యి తగిలితే పడిపోయింది.

మూడోదే ఇప్పటికీ వాడుతున్నాను. మైక్‌సెట్ వాళ్ల దగ్గర మూలన పడున్న మైక్ స్టాండు కొన్నాను, కింద మూడు కాళ్లు విచ్చుకునే రకం. ఒక్క చిక్కుంది. స్టాండు పైన ఉండే మర సాధారణంగా 5/8 అంగుళం, అంగుళానికి 27 చుట్లు. హార్డ్‌వేర్ షాపులో మామూలు నట్లు దానికి పట్టవు. లేత్ షాపుకి స్టాండే పట్టుకెళ్లి చూపిస్తే, అదే మర కోసి నాలుగు బెజ్జాల బిళ్ల చేసిచ్చాడు. ఆ బిళ్లని 6 ఎంఎం ప్లై అడుగున స్క్రూలతో బిగించాను. తిప్పితే ఊడుతుంది, తిప్పితే ఎక్కుతుంది.

సెల్ఫీ బాబాయ్

కెమెరా ట్రైపాడ్ చాలదా? దాని మర పావు అంగుళమే, నట్టు ఏ షాపులోనైనా దొరుకుతుంది.

పేకముక్క, కాకినాడ

నట్టు దొరుకుతుంది బాబాయ్, తల ఆగదు. తక్కువ రేటు ట్రైపాడ్‌కి పైన వంగే తలంతా ప్లాస్టిక్కే. గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక మూలన పెట్టి చూడు. నెమ్మదిగా నమస్కారం పెడుతుంది.

మాయా మాస్టారు, రాజమండ్రి

సామాను కొనే ముందు ఎత్తు తేల్చుకో తమ్ముడూ. నిలబడి చేసేవాడికి మూడడుగులు, అంటే 36 అంగుళాలు, చేతికి హాయిగా ఉంటుంది. భోజనాల బల్ల 30 అంగుళాలే ఉంటుంది కాబట్టి దాని మీద చేస్తే నడుం వంగుతుంది. కానీ పిల్లలు నేల మీద కూర్చుంటే నీ 36 అంగుళాల బల్ల మీద వాళ్లకి కనిపించేది అంచు, ఆ పైన నీ గడ్డం. నేను పదిహేనేళ్లు షోలు చేశాక ఒకసారి చాప మీద కూర్చుని నా టేబుల్ చూసుకున్నాను. సిగ్గేసింది. ఎత్తు మార్చుకునే వీలుంటే మంచిది. లేకపోతే చూపించే వస్తువు చేత్తో పైకెత్తి చూపించడం అలవాటు చేసుకో.

ఇంకో మాట. బల్ల చుట్టూ నేల దాకా గుడ్డ వేలాడదీయకు. పూర్వం యూరప్‌లో మెజీషియన్లు అలాంటి పెద్ద బల్లలే వాడేవారు, లోపల సహాయకుడు కూర్చునేవాడు. 1845లో పారిస్‌లో సొంత థియేటరు తెరిచిన రాబేర్ ఊదాన్ (Robert-Houdin) వాటిని తీసేసి, పెద్దింటి హాల్లో కనిపించే లాంటి సన్నటి బల్లలు పెట్టాడు. తర్వాతి కాలం మెజీషియన్ హుడినీ (Houdini) తన స్టేజీ పేరు ఆయన పేరులోంచే తీసుకున్నాడు. నాకైతే ఆ పాఠం పాలకొల్లు దగ్గర ఒక పెళ్లింట్లో అయిదేళ్ల పిల్లాడు నేర్పాడు. టేబుల్ గుడ్డ కిందకి దూరి, షో నడుస్తుండగా "ఇక్కడ ఇంకో పావురం ఉందోయ్" అని కేక వేశాడు.

బల్ల వెనక రహస్యంగా కట్టుకునే అర గురించి అడుగుతావేమో, దాన్ని ఇక్కడ అందరి ముందూ వివరించను. ఒకటి మాత్రం చెప్తాను, మన తీర్థాల్లో జనం నాలుగు వైపులా మూగుతారు. అక్కడ ఆ అర ఎందుకూ పనికిరాదు.

గోదారి గట్టు

అసలు టేబుల్ ఎందుకండీ? మన గారడీ వాళ్లు జోలె దింపుకుని, నేల మీదే మూడు కప్పులూ బంతులూ పెట్టి, చుట్టూ జనం ఉండగానే ఆడించేవారు.

మాయా మాస్టారు, రాజమండ్రి

ఆయ్, వాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ వాళ్ల చుట్టూ జనం నిలబడి కిందికి చూస్తారు. కల్యాణ మండపంలో ఇరవయ్యో వరుసలో కూర్చున్నవాడికి నేల కనపడదు కదా.

వడ్రంగి మనవడు, మండపేట

ఒంటికాలి స్టాండు మీద నాకు నమ్మకం లేదు. ఇస్త్రీ బల్ల కాళ్లు చూడండి, కత్తెరలా ఉంటాయి. తాతగారి పద్ధతిలో నేను చేసింది చెప్తాను.

తలుపుల పని జరిగిన ఇంట్లో మిగిలిన టేకు రీపులు అడిగి తెచ్చుకున్నాను. కాళ్లు 40 అంగుళాలు, జత జతని అడ్డపట్టీతో కలిపి రెండు ఫ్రేములు. రెండూ సరిగ్గా మధ్యలో ఒకదాన్నొకటి దాటేచోట బోల్టు, వాషరు, వింగ్ నట్టు. పై చెక్క 24 అంగుళాలకి 15. ఒక ఫ్రేము పై కొసని చెక్కకి మడత బందులతో బిగించాను. రెండోది పడక కుర్చీ వెనక ఉండే గాడుల్లాగా చెక్క అడుగున గాడులు కోసి వాటిలో ఆనేలా పెట్టాను. కాళ్ల ఎడం 17 అంగుళాలు పెడితే 36 చిల్లర ఎత్తు వస్తుంది, 22 పెడితే 33 చిల్లర. మాస్టారు అడిగిన ఎత్తు మార్పు కొంతైనా దొరికినట్టే. మడిస్తే నాలుగంగుళాల మందం. ప్లై మాత్రం నీటికి ఆగే రకం, 710 అని ముద్ర ఉన్నది తీసుకోండి. మన వైపు చెమ్మకి మామూలుది రెండు వానాకాలాల్లో పొరలు విడిపోయింది.

రావులపాలెం కొత్తోడు

చాలా బాగుందండి, కానీ 40 అంగుళాల కాళ్లు బైకు మీద ఎలా? మా ఆవిడ వెనక కూర్చోవాలి కూడా.

వడ్రంగి మనవడు, మండపేట

ఆవిడకివ్వండి, పట్టుకుంటారు.

అంతర్వేది గాలి

ఇంతసేపూ గాలి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? సముద్రం పక్కన ఊళ్లలో సాయంత్రం స్టేజీ ఎక్కితే తెలుస్తుంది. ఒకసారి నా బల్లమీద గుడ్డ తెరచాపలా లేచి, బల్లని కూడా లేపింది. 52 ముక్కల్లో 40 దొరికాయి.

అప్పట్నుంచీ రెండు పనులు చేస్తున్నాను. స్టాండు మధ్య గొట్టానికి ఒక కొక్కెం పెట్టించి, నల్ల గుడ్డ సంచీలో రెండు లీటర్ల నీళ్ల సీసా వేసి వేలాడదీస్తాను. రెండు కిలోల బరువు, మోసుకెళ్లక్కర్లేదు, ఏ ఊళ్లోనైనా నీళ్లు దొరుకుతాయి. సఖినేటిపల్లిలో గోదారి దాటించే పంటు ఎక్కి నర్సాపురం వెళ్లేవాణ్ని, అక్కర్లేని బరువు నాకు పడదు. రెండోది కాళ్ల సంగతి. ఇసకలో దిగిపోతుంటే ముందు కొబ్బరి చిప్పలు బోర్లించి చూశాను. ఫొటోకి బాగుంది, రెండో ఐటమ్‌కి పగిలింది. పాత హవాయి చెప్పు మూడు ముక్కలు కోసి, మధ్యలో గుంట చేసి కాళ్లకి తొడిగాను. దిగదు, గచ్చు మీద జారదు, చప్పుడూ చెయ్యదు.

పేకముక్క, కాకినాడ

చెప్పు ముక్కలు అద్భుతం. నేనూ కోస్తాను.

పైభాగం గురించి మర్చిపోయాను. ఉత్త చెక్క మీద పేకముక్క వేలికి లేవదు, కింద మెత్తగా ఉండాలి. పాత యోగా మ్యాటు ముక్క, దాని పైన వెల్వెట్. తెల్ల ఫెవికాల్ వద్దు, గుడ్డలోంచి పైకి ఊరి మచ్చ కడుతుంది. గుడ్డని అంటించకుండా లాగి అడుగున పిన్నులు కొట్టేయండి, మాసినప్పుడు మార్చుకోవచ్చు. నలుపు హుందాగా ఉంటుంది కానీ ప్రతి నూలుపోగూ కనపడుతుంది. ముదురు మెరూన్ నయం. అంచు చుట్టూ సన్న పట్టీ, అదే బీడింగ్, కొట్టిస్తే బంతులు దొర్లిపోవు.

రావులపాలెం కొత్తోడు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. అయిపోయిందండీ!

మైక్ స్టాండే తీసుకున్నాను. ఒక కాలు కొంచెం వంగిందని 250కి ఇచ్చారు, సుత్తితో సరిచేశాను. లేత్ షాపులో బిళ్లకి 200. ప్లై ముక్క సామిల్లు పక్కన తుక్కులో 80. మెరూన్ వెల్వెట్ అర మీటరు 110, బీడింగ్, స్క్రూలు 90. యోగా మ్యాటు మా ఆవిడది, అడక్కుండా కోశాను, ఆ లెక్క వేరే. మొత్తం 730.

పై చెక్క బ్యాగులో పడుతుంది, స్టాండు ట్యాంకు పక్కన కట్టేస్తున్నాను. నిన్న కేశనకుర్రు వైపు ఒక పుట్టినరోజుకి తీసుకెళ్లాను. సీసా వేలాడదీశాను, చెప్పు ముక్కలు తొడిగాను. కదల్లేదు. ఒక పాప వచ్చి సీసా సంచీ తడిమి, "అంకుల్, ఇందులో నీళ్లున్నాయి, దాహమేస్తోంది" అంది. ఇచ్చేశాను. దాంతో ఆఖరి ఐటమ్ సీసా లేకుండానే చేశాను, అదృష్టం కొద్దీ గాలి లేదు.

ఒక్క సందేహం. వచ్చేటప్పుడు వాన పడి వెల్వెట్ తడిసింది. ఎండలో పెట్టొచ్చా?

పేకముక్క, కాకినాడ

ఎండలో వద్దు, రంగు వెలుస్తుంది. పిన్నులు పీకి, గుడ్డ విడిగా తీసి నీడలో ఆరెయ్యండి. అడుగున మ్యాటు కూడా తీసి చూడండి, చెమ్మ అక్కడే దాక్కుంటుంది. ఆరాక మెత్తటి బ్రష్షుతో ఒకే వైపుకి దువ్వండి.