మొదట్లో ఓడి, తర్వాత చాంపియన్ అయిన బాక్సర్లు ఇంకెవరున్నారు?

మా తమ్ముడు మొదటి మూడు బౌట్లూ ఓడిపోయాడు. గ్లవ్స్ అటక మీద పడేశాడు, చేతికి చుట్టుకునే పట్టీలు మాత్రం ఇంకా దండెం మీదే వేలాడుతున్నాయి. వాడికి మెక్సికో బాక్సర్ ఓర్లాండో సలిడో గురించి చెప్పాను. పదిహేనేళ్లకే ప్రొఫెషనల్‌గా దిగి మొదటి ఫైటే ఓడాడు. 2014లో లోమచెంకోతో తలపడేనాటికి ఖాతాలో 12 ఓటములు. అవతలివాడేమో రెండు ఒలింపిక్ స్వర్ణాలు కొట్టిన మొనగాడు. అయినా సలిడోనే గెలిచాడు. (తూకంలో బరువు పరిమితి దాటాడు, నడుం కింద కూడా కొట్టాడు, అది వేరే సంగతి.)

"ఒక్కడేగా!" అంటున్నాడు మావాడు. ఇలాంటివాళ్లు ఇంకెవరైనా తెలిస్తే చెప్పండి. మన దేశం వాళ్లయితే మరీ మంచిది. వాళ్ల తొలి ఫైట్ల వీడియోలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పగలరా?