ఇంగ్లండ్ జిల్లా కౌన్సిల్ ఫలితాల్లో ఓట్ల లెక్క ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న (నల్గొండ): ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు తన వార్డు ఫలితాల కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపాడు. ముగ్గురి పేర్ల పక్కన ఎన్నికైనట్లు రాసి ఉంది. అభ్యర్థులందరి ఓట్లు కూడితే పోలైన బ్యాలెట్ పత్రాలకు రెండింతలు దాటుతున్నాయి. రెండుసార్లు కూడి చూశాను. పైగా కౌన్సిల్‌లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదట. మన దగ్గరైతే గెలిచినవాళ్ళను ఈపాటికి బస్సెక్కించి క్యాంపుకు తరలించేవారు. అక్కడ ఏం చేస్తారు?

జవాబు (మిర్యాలగూడ): మీ కూడికలో తప్పు లేదు. మూడు స్థానాలున్న వార్డులో ఒక్కో ఓటరు ముగ్గురి పేర్ల ఎదుట ఇంటూ గుర్తు పెట్టవచ్చు. ఒకరికే పెట్టి ఊరుకున్నా ఆ పత్రం చెల్లుతుంది, నాలుగు పెడితే చెల్లదు. పంచాయతీ వార్డుకు ఒక్క సభ్యుడు, ఒక్క స్వస్తిక్ ముద్ర అలవాటైన మనకు ఇది వింతే. అయితే అసలు చిక్కు వేరే ఉంది: ఒక పార్టీ వాళ్ళు సాధారణంగా తమ ముగ్గురికీ వేస్తారు కాబట్టి, మిగతా ఓట్లు చీలినచోట నూటికి నలభై మంది మద్దతుతోనే మూడు స్థానాలూ ఒకే పార్టీకి పోవచ్చు.

జవాబు (వనపర్తి): మెజారిటీ రానప్పుడు పార్టీలు మాట్లాడుకొని పొత్తు కుదుర్చుకుంటాయి, లేదా మిగతావారు అడ్డుపడకపోతే మైనారిటీ పార్టీయే నడుపుతుంది. చాలా కౌన్సిళ్ళలో పాలన నడిపే నాయకుణ్ణి మే నెల వార్షిక సమావేశంలో సభ్యులే ఎన్నుకుంటారు. సభకు అధ్యక్షత వహించే చైర్మన్ వేరు. మన మున్సిపాలిటీల్లో చైర్‌పర్సన్ ఎన్నికప్పుడు విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది, ఎమ్మెల్యే, ఎంపీలకు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) ఓటు కూడా ఉంటుంది. అక్కడ ఈ రెండూ లేవు. పార్టీ మారినా స్థానం పోదు. మరో మాట, జడ్పీ హైస్కూళ్ళ అలవాటుతో చూడకండి: పైన కౌంటీ, కింద జిల్లా అని రెండంచెల పాలన ఉన్నచోట బడులు, రోడ్లు కౌంటీ కౌన్సిల్‌వి, చెత్త సేకరణ, ఇళ్ళ నిర్మాణ అనుమతులు జిల్లా కౌన్సిల్‌వి.

జవాబు (దేవరకొండ): మీ తమ్ముడు ఓటు వేశారా? కామన్వెల్త్ పౌరులు కావడం వల్ల అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులు ఓటరుగా నమోదు కావచ్చు. 2023 నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరి; భారత పాస్‌పోర్టు చూపినా సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: వేశాడట, కానీ ఒక్కరికే. మిగతా రెండు గుర్తులు పెట్టవచ్చని వాడికీ తెలియదు.